రన్ అనే ఒక్క మాటకి ఎన్ని అర్థాలు గుర్తుపెట్టుకోవాలి? బెంగళూరు ఆఫీసులో చాలా ఇబ్బంది పడుతున్నా

మదనపల్లె టు మారతహళ్ళి:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గాని రాయడం ఇదే మొదలు. మాది మదనపల్లె పక్కన పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్, బీటెక్ పుస్తకాలు ఇంగ్లీషే అయినా సార్లు సగం తెలుగులోనే చెప్పేవాళ్ళు, అందుకని చదివితే అర్థమవుతుంది, రాయగలను, కానీ ఎదుటి మనిషి గబగబా మాట్లాడితే మాత్రం వెనకబడిపోతా. బెంగళూరొచ్చి ఎనిమిది నెలలైంది, మారతహళ్ళిలో పీజీలో ఉంటా, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు.

పోయిన గురువారం జరిగింది చెప్తా. కస్టమర్ల లిస్టులో డూప్లికేట్లు తీసేసే స్క్రిప్టు ఒకటి రాసినా, రెండు వారాల పని అది. పొద్దున స్టాండప్ మీటింగులో రెడీ అయిందని చెప్తే మా లీడ్ "గ్రేట్, రన్ ఇట్ బై మీ ఫస్ట్" అన్నాడు. నాకు రన్, ఫస్ట్ ఈ రెండే చెవిలో పడినాయి. మనకి రన్ అంటే ప్రోగ్రాం రన్ చేయడమే కదా, ముందు రన్ చేసి తర్వాత నాకు చూపించు అన్నాడనుకుని సీటుకి పోయి టెస్ట్ సర్వర్ మీద రన్ చేసేసినా. పక్క టీం వాళ్ళు మరుసటి రోజు డెమో కోసం పెట్టుకున్న డేటా కూడా ఆ సర్వర్లోనే ఉందని నాకు తెలీదు, అందులో సగం పోయింది. రాత్రి పదకొండు దాకా కూర్చుని బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చుకున్నాం. లీడ్ తిట్టలేదు. "ఐ టోల్డ్ యూ టు రన్ ఇట్ బై మీ, నో?" అన్నాడంతే. రెండోసారి విన్నా నాకు తేడా ఏందో తెలీలేదు, రూముకొచ్చి రూమ్మేట్‌ని అడిగితే, రన్ బై అంటే చేసే ముందు ఒకసారి నా చెవిన వెయ్యి, నా అభిప్రాయం తీసుకో అని అర్థం అని చెప్పినాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఈ మాట మీదే చెవి పెట్టినా. ఒక్క వారంలో ఎన్ని విన్నానంటే, నిన్న క్యాంటీన్లో పాత మేనేజర్‌తో రన్ ఇంటూ అయ్యానని ఒకామె చెప్పింది, గుద్దుకున్నారేమో అనుకున్నా. రిలీజుకి టైం రన్ అవుట్ అవుతోందంటారు, ప్లాన్ ఒకసారి రన్ త్రూ చేద్దామంటారు, ఐడియా బాగుంది రన్ విత్ ఇట్ అంటారు, మీటింగ్ రన్ ఓవర్ అయిందంటారు. ఫ్రేజల్ వెర్బ్స్ పుస్తకం ఒకటి కొన్నా, లిస్టు బట్టీ పడుతుంటే ముప్పయ్యో పేజీకొచ్చేసరికి మొదటి పేజీ మర్చిపోతున్నా. అసలు ఈ ఒక్క మాటకి ఎన్ని అర్థాలున్నాయి, మీరంతా ఎట్లా నేర్చుకున్నారు, బట్టీ కాకుండా వేరే దారి ఏమైనా ఉందా? నవ్వకుండా చెప్పండి, నాకు నిజంగా అవసరం.

తెనాలి అక్క:

తమ్ముడూ, ముందు ఒక మాట. అదే వాక్యం దగ్గర ఇంగ్లీషు మీడియం వాళ్ళు కూడా తడబడ్డం నేను చూశాను, కాబట్టి తెలుగు మీడియం వల్ల ఇలా అయిందని మాత్రం అనుకోకు. నేను జయనగర్‌లో ఉంటాను, పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాసే పనే, ఇంగ్లీషు మాటలతోనే నా బువ్వ.

ఎన్ని అర్థాలు అని అడిగావు కదా, దానికి లెక్క ఉంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989లో రెండో ఎడిషన్ వేసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట సెట్, క్రియగానే 430. ఆ తర్వాత ఒక్కో మాటా మళ్ళీ మొదట్నుంచీ తిరగరాస్తూ వచ్చారు, 2011 నాటికి రన్ పూర్తయింది, క్రియగా దానికి తేలిన అర్థాలు 645. పీటర్ గిలివర్ అనే ఎడిటర్ ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఆలోచించు, మాటల పనే వృత్తిగా ఉన్న మనిషికి తొమ్మిది నెలలు పట్టిన దాన్ని నువ్వు వారంలో బట్టీ పట్టాలనుకుంటున్నావు. ఆ పుస్తకం పక్కన పెట్టెయ్యి.

ఇప్పుడు మన తెలుగు చూడు. పొద్దున్నే బండికి పెట్రోల్ కొట్టించి, టైర్లకి గాలి కొట్టించి, దారిలో గుడి కనబడితే కొబ్బరికాయ కొట్టి, సిల్క్ బోర్డు దగ్గర హారన్ కొట్టి కొట్టి విసిగి, ఆఫీసులో బోర్ కొడితే పక్కోడితో కబుర్లు కొట్టి, ఎండ కొడుతోందని ఏసీలో కూర్చుని, సాయంత్రం కొట్టుకెళ్ళి పాలు తెచ్చుకుని, అవి వాసన కొడుతున్నాయని పారబోసి, రాత్రి దోమల మందు కొట్టి పడుకుంటాం. ఇందులో ఎవరినైనా ఒక్క దెబ్బ కొట్టామా? పరీక్షలో కాపీ కొట్టడం, కాలేజీకి డుమ్మా కొట్టడం, గోడకి రంగు కొట్టడం, ఈత కొట్టడం, కన్ను కొట్టడం ఇవన్నీ నీకు ఎవరు నేర్పారు? లిస్టు ఇచ్చి బట్టీ పట్టించారా? మీ అమ్మ, మీ ఫ్రెండ్స్, బస్సులో ఎవరో అన్నారు, ఆ సందర్భంతో పాటే నీలో ఉండిపోయింది. వేరే దేశంవాడు ఎవడైనా తెలుగు నేర్చుకోడానికొచ్చి కొట్టు అన్న మాట దగ్గర ఏడుస్తుంటే నువ్వు ఏం చెప్తావో అదే నేను నీకు చెప్తున్నా. మాట ఒక్కదాన్నీ గుర్తుపెట్టుకోకు, మాట వచ్చిన చోటుని గుర్తుపెట్టుకో. గురువారం రాత్రి తర్వాత రన్ బై నువ్వు జన్మలో మర్చిపోవు కదా, అలా అన్నమాట, అంత కష్టం లేకుండా.

ఇంకోటి, రన్ అంటే పరిగెత్తడం అని స్కూల్లో నేర్పారే, దాన్ని కొంచెం వదులు చేసుకో. ఆగకుండా సాగడం అనుకో. నీళ్ళు సాగుతాయి, మిషన్ సాగుతుంది, బస్సు ఈ ఊరి నుంచి ఆ ఊరికి సాగుతుంది, నాటకం వంద రోజులు సాగుతుంది, రోడ్డు చెరువు గట్టు వెంబడి సాగుతుంది, జ్వరం సాగుతుంది, వంశంలో ఒక పోలిక తాత నుంచి మనవడికి సాగుతుంది. వీటన్నిటికీ ఇంగ్లీషువాడు రన్ అనే అంటాడు. ఆవిరి మిషన్లొచ్చాక, ఫ్యాక్టరీలొచ్చాక, రైళ్ళొచ్చాక ఇట్లాంటి అర్థాలు బాగా పెరిగాయి, ఆగకుండా సాగే వస్తువు ఏది కొత్తగా వచ్చినా ఈ మాటే తగిలించారు కాబట్టి. నువ్వు ప్రోగ్రాం రన్ చేస్తున్నావే, అది కూడా ఆ వరసలో వచ్చిందే.

ఇక పక్కన వచ్చే చిన్న మాట చాలా ముఖ్యం, అసలు అర్థం అక్కడే తిరుగుతుంది. అవుట్ వస్తే సాగి సాగి అయిపోవడం, సరుకు నిండుకోవడం. ఇంటూ వస్తే సాగుతూ పోతుంటే ఏదో ఎదురవ్వడం, అది మనిషి కావచ్చు, గోడ కావచ్చు, సమస్య కావచ్చు, ఖర్చు లక్షల్లోకి పోవడం కూడా కావచ్చు. ఓవర్ వస్తే గీత దాటిపోవడం, మీటింగ్ టైం దాటడం, పాలు గిన్నె దాటడం, బండి మనిషి మీదుగా పోవడం. త్రూ వస్తే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకసారి వెళ్ళి రావడం. బై అంటే పక్కగా, నా పక్కగా ఒకసారి పోనివ్వు, నేను చూస్తాను అని. ఇలా ఊహించుకుంటే నూటికి డెబ్భై చోట్ల దారి దొరుకుతుంది, నా అనుభవంలో చెప్తున్నా.

గుంతకల్లు రన్నింగ్ స్టాఫ్:

బాబూ, నేను రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయినాను, ఇప్పుడు కొడుకు దగ్గర యలహంకలో ఉంటున్నా. ఈ రన్ అనే మాటతోనే నా బతుకంతా గడిచింది, అందుకే రాయాలనిపించింది.

మా డిపార్ట్‌మెంటులో రైలు నడిపేవాళ్ళనీ గార్డులనీ రన్నింగ్ స్టాఫ్ అంటారు. బండి నడిపి నడిపి వేరే ఊరు చేరినాక మేం స్నానం చేసి అన్నం తిని పడుకునే చోటుని రన్నింగ్ రూం అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఊర్లో వాళ్ళకి ఈ మాట చెప్తే ఎవరికీ అర్థమయ్యేది కాదు, పడుకునే గదికి పరుగు పేరేంది అనేవాళ్ళు. పరిగెత్తే గది కాదయ్యా, బండితో సాగేవాళ్ళ గది. ఎన్ని కిలోమీటర్లు నడిపితే దాన్ని బట్టి ఇచ్చే డబ్బుని రన్నింగ్ అలవెన్స్ అంటారు. స్టేషన్లో ఆగకుండా వెళ్ళిపోయే బండి రన్ త్రూ. చివరి స్టేషన్లో ఇంజను ఈ కొస నుంచి విడిపోయి పక్క లైను మీదుగా ఆ కొసకి పోయి తగులుకుంటే రన్ రౌండ్. రన్ ఓవర్ అనే మాట మాత్రం మాకు చాలా బరువైనది, పట్టాల మీద మనిషి పోయినప్పుడు రాసే మాట అది. మీ ఆఫీసుల్లో మీటింగ్ రన్ ఓవర్ అయింది అని మా కోడలు ఫోన్లో అంటుంటే మొదట్లో నాకు గుండె ఝల్లుమనేది, ఇప్పటికీ ఆ మాట తేలిగ్గా వినలేను.

నేను గమనించింది ఒకటుంది. ఇంగ్లీషోడు పరిగెత్తించే వాటిల్లో చాలా వాటిని మనం నడిపిస్తాం. స్టేషన్లో అనౌన్స్‌మెంట్ వినండి, ఇంగ్లీషులో రన్నింగ్ లేట్ అంటారు, తెలుగులో గంట ఆలస్యంగా నడుస్తోంది అంటారు. అదే బండి, అదే గంట. బస్సు నడుపుతాం, హోటలు నడుపుతాం, బడి నడుపుతాం, సంసారం నడుపుతాం, కోర్టులో కేసు నడుస్తుంది, జాతకంలో ఏలినాటి శని నడుస్తుంది. వీటిల్లో చాలా వాటికి వాళ్ళకి రన్. సినిమా అయితే మనకి ఆడుతుంది, ముక్కు కారుతుంది, కొళాయిలో నీళ్ళు వస్తాయి. అంటే మనకి నాలుగైదు మాటలు చేసే పనిని వాళ్ళు ఒక్క మాటతో లాగిస్తారు. ఈ లెక్కన నువ్వు రన్ వినగానే మనసులో పరుగు అని తర్జుమా చేసుకోవద్దు, నడక అని చేసుకో. మన పెద్దోళ్ళు పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు కదా, మన భాషలో పరుగంటే హడావిడి, కంగారు. వాళ్ళ భాషలో రన్ అంటే చాలా చోట్ల బాగా జరుగుతోంది, సక్రమంగా ఉంది అని. రన్నింగ్ స్మూత్‌లీ అన్నది మాకు ఇంజను గురించి చెప్పే మంచి మాట.

కేఆర్ పురం తెలుగోడు:

పెద్దాయన గారు చెప్పిన నడక సంగతి చాలా బాగుంది సార్, దానికి తోడు ఇంకొకటి చెప్తాను. మాది మూడు తరాలుగా బెంగళూరే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, మా పెద్దమ్మ వాళ్ళిల్లు చెన్నైలో కాబట్టి తమిళం కూడా చెవిన పడేది. కన్నడలో పరిగెత్తడాన్ని ఓడు అంటారు, పరుగుని ఓట అంటారు. బండి తోలడాన్ని ఓడిసు అంటారు, అంటే పరిగెత్తించడం. ఆటో అన్న "నాను ఆటో ఓడిస్తీని" అంటే ఆటో నడుపుతాను అని. ఊర్నుంచి కొత్తగా వచ్చిన మా మావయ్య ఆ మాట విని, ఎవర్ని ఓడిస్తాడంట అని అడిగాడు, మనకి ఓడించడం అంటే గెలవడం కదా. తమిళంలో కూడా పడం ఓడుదు అంటే సినిమా ఆడుతోంది, వండి ఓట్టు అంటే బండి తోలు. అంటే ఈ రెండు భాషలూ ఇంగ్లీషు రన్ లాగానే చాలా చోట్ల పరుగునే వాడతాయి, తెలుగు ఒక్కటే నడక దగ్గరుంది. అందుకే ఆఫీసులో నీ పక్కన కూర్చునే కన్నడ వాడికి, తమిళ వాడికి రన్ కొన్ని చోట్ల మనకంటే త్వరగా పట్టుబడుతుంది అనిపిస్తుంది నాకు. నువ్వు వాళ్ళకంటే తక్కువేం కాదు, నీ భాష వేరే దారిలో పోతుంది అంతే.

క్రికెట్ లేకుండా ఈ మాట గురించి మాట్లాడటం నా వల్ల కాదు. 1987లో చిన్నస్వామి స్టేడియంలో పాకిస్తాన్‌తో టెస్టు, గవాస్కర్‌కి చివరి టెస్ట్ ఇన్నింగ్స్, బంతి బొంగరంలా తిరిగే పిచ్ మీద 96 కొట్టాడు, మనం 16 పరుగుల తేడాతో ఓడిపోయాం. మా నాన్న స్టాండ్స్‌లో ఉన్నాడు ఆ రోజు. ఇప్పటికీ చెప్తూ ఉంటే కళ్ళు తడుస్తాయి. క్రికెట్లోనే చూడు, బౌలర్ పరిగెత్తుకొచ్చేది రనప్, బ్యాట్స్‌మన్ తీసేది రన్, తీయలేకపోతే రనవుట్, ఓవర్‌కి ఎన్ని వస్తున్నాయో రన్ రేట్. కంపెనీల వాళ్ళు కూడా అమ్మకాల దగ్గర ఇదే మాట వాడతారు, ఈ మూడు నెలల్లో ఇంత వచ్చింది కాబట్టి ఏడాదికి ఇంత అని లెక్కేసేదాన్ని వాళ్ళు రన్ రేట్ అంటారు. మీ మేనేజర్ ఈసారి అంటే కంగారు పడకు.

హెబ్బాళ కరీంనగర్:

అక్క చెప్పిన పద్ధతి మంచిదే గాని నేను కొంచెం వేరే చెప్త. సాగడం అన్న ఒక్క తాళంచెవితోని అన్ని తలుపులు తెరుచుకోవు. కొన్ని మాటలు గట్టిగ గడ్డకట్టిపోయి ఉంటయి, వాటికి వెనక ఒక కథ ఉంటది, ఆ కథ తెలిస్తెనే మనసుల నిలుస్తది, లేకపోతె ఎంత ఊహించినా దొరకదు. నేను ఎమ్‌ఏ ఇంగ్లీష్ చేసిన, ఇప్పుడు పిల్లలకు కాంపిటీటివ్ పరీక్షలకు చెప్తున్న, నా క్లాసుల నేను చెప్పే కొన్ని కథలు ఇవి.

రన్ ద గాంట్‌లెట్ అంటరు, అన్ని వైపుల నుంచి తిట్లు, దెబ్బలు తింటూ దాటుకొని పోవుడు. ఇది చేతికి తొడుక్కునే ఇనుప గ్లౌజు గాంట్‌లెట్ కాదు, చాలా మంది అదే అనుకుంటరు. స్వీడిష్ భాషల గాట్‌లోప్ అని ఉండె, గాటా అంటే సందు, లోప్ అంటే పరుగు. తప్పు చేసిన సిపాయిని రెండు వరుసల మధ్యల ఉరికిస్తుంటే అటూ ఇటూ నిలబడ్డోళ్ళు కొట్టేది, అది పాత సైన్యంల శిక్ష. 17వ శతాబ్దంల ఆ మాట ఇంగ్లీషులకు వచ్చి, నోళ్ళల్ల నలిగి నలిగి గాంట్‌లెట్ అయింది.

రన్ ద గామట్ అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా అన్నీ, సంతోషం నుంచి ఏడుపు దాక అన్నీ. గామట్ పాత సంగీతం మాట, స్కేలుల అన్నిటికంటే కింది స్వరానికి గామా అని గ్రీకు అక్షరం పెట్టి, దాని పక్కన అట్ అని కలిపిన్రు. అట్ అంటే వాళ్ళ సరిగమలల మన స లెక్క, మొట్టమొదటి అక్షరం. ఆ కింది స్వరం పేరే తర్వాత మొత్తం స్కేలుకు పేరైంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నోళ్ళకు ఇది ఒక్కసారి చెప్తే చాలు, మంద్రం నుంచి తారస్థాయి దాక పాడినట్టు అని వాళ్ళే చెప్తరు.

రన్ అమోక్‌ల అమోక్ మలయ్ భాష మాట, ఒళ్ళు తెలియని ఆవేశంల మీద పడి నరుకుడు అని దాని అర్థం. కట్ అండ్ రన్ ఓడలోళ్ళ మాట, లంగరు పైకి లాగే టైం లేకపోతె తాడు కోసేసి గాలికి వెళ్ళిపోవుడు. రన్ ఆఫ్ ద మిల్ అంటే మిల్లులకెళ్ళి ఎట్ల వస్తె అట్లనే, ఏరకుండ, గ్రేడ్ చేయకుండ వచ్చిన సరుకు, అందుకే మామూలుది, ప్రత్యేకత లేనిది అని. మీ బెంగళూరుల బిన్నీ మిల్ రోడ్డు మీద పోయినప్పుడల్లా నాకు ఆ మాట యాదికొస్తది. రన్ అవుట్ ఆఫ్ స్టీమ్ సంగతి పెద్దాయననే అడగాలె, నాకంటె ఆయనకు బాగ తెలుస్తది.

గుంతకల్లు రన్నింగ్ స్టాఫ్:

స్టీమ్ ఇంజను మీద నేను పని చేయలేదు బాబూ, కానీ మా సీనియర్లు చేసినారు, వాళ్ళ నోట విన్నదే చెప్తా. ఘాట్ ఎక్కేటప్పుడు ఫైర్‌మన్ బొగ్గు సరిగ్గా ఎయ్యకపోతే బాయిలర్లో ప్రెషర్ పడిపోయి, బండి ఎక్కలేక మధ్యలోనే నిలబడిపోయేదంట. మళ్ళీ మంట రాజేసి, ఆవిరి కట్టేదాకా ప్యాసింజర్లంతా కూర్చోవాల్సిందే. మనిషి మొదట్లో హుషారుగా మొదలెట్టి సగంలో సత్తువ లేక ఆగిపోవడానికి ఆ మాట అంటారంటే, చూసినవాళ్ళకి ఇంక వేరే అర్థం చెప్పక్కర్లేదు.

మదనపల్లె టు మారతహళ్ళి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. కొట్టు గురించి అక్క రాసింది మా రూములో అందరికీ చదివి వినిపించినా. నడక అనుకోమని పెద్దాయన చెప్పింది మాత్రం నిన్నంతా ఆఫీసులో వాడి చూసినా, హూ ఈజ్ రన్నింగ్ దిస్ ప్రాజెక్ట్ అని ఎవరో అంటే వెంటనే నడిపేది ఎవరు అని తట్టింది, ముందైతే పరుగు దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, మా రూమ్మేట్ అమెరికా వార్తలు చూస్తుంటాడు, అక్కడ ఎలక్షన్లో రన్నింగ్ అంటున్నారు, మన పేపర్లో ఎప్పుడూ అట్లా చూడలేదే. రెండోది, మా లీడ్ రన్ విత్ ఇట్ అన్నప్పుడు నేను ఎంత దూరం పోవచ్చు? మళ్ళీ సర్వర్ మీద ఏదన్నా చేసి పెడతానేమోనని భయం.

తెనాలి అక్క:

మొదటిది భలే ప్రశ్న. అమెరికాలో ఎలక్షన్‌కి రన్ అంటారు, బ్రిటన్‌లో స్టాండ్ అంటారు. మనకి ఇంగ్లీషు బ్రిటన్ నుంచి వచ్చింది కాబట్టి మన పేపర్లలోనూ స్టాండ్, కంటెస్ట్ అనే రాస్తూ వచ్చారు, ఊళ్ళో కూడా ఫలానా ఆయన సర్పంచ్‌గా నిలబడ్డాడు అనే అంటాం. ఒకే పోటీలో అక్కడివాళ్ళు పరిగెత్తుతున్నారు, మనవాళ్ళు నిలబడుతున్నారు. ఇంకా ఉన్నాయి ఇలాంటివి, మేజోడు దారం లేచిపోయి గీత పడితే అమెరికాలో రన్, బ్రిటన్‌లో ల్యాడర్. మనం రన్నింగ్ నోస్ అంటాం, వాళ్ళు రన్నీ నోస్ అంటారు. మనం అనేది తప్పని ఎవరైనా దిద్దబోతే వదిలెయ్యి, ఇండియాలో డాక్టర్ దగ్గర నుంచి స్కూలు టీచర్ దాకా అందరికీ అర్థమయ్యే మాటే అది. క్లాసులో సార్ చెప్తుంటే రాసుకునే రన్నింగ్ నోట్స్, వడ్రంగి కబోర్డుకి కొలిచే రన్నింగ్ ఫీట్, మేం ఎక్కే రన్నింగ్ బస్సు, ఇవన్నీ మన దగ్గర బాగా స్థిరపడిపోయినవి, నాకు వాటి మీద చాలా ఇష్టం.

రెండోది జాగ్రత్తగా విను. రన్ విత్ ఇట్ అంటే ఈ ఐడియా నీ చేతికిచ్చాను, నువ్వే ముందుకు తీసుకెళ్ళు అని. ఆలోచన, డిజైను, ఎవరెవరితో మాట్లాడాలి అన్నీ నీవే. అంతమాత్రాన సర్వర్ మీద మార్పులకి పర్మిషన్ ఇచ్చేసినట్టు కాదు, అది విడిగా అడగాల్సిందే. అనుమానం వచ్చినప్పుడు అర్థమైంది అని తలూపకుండా, నీకు అర్థమైంది నీ మాటల్లో వాళ్ళకి తిరిగి చెప్పు. "సో ఐ విల్ షో యూ ద స్క్రిప్ట్ ఫస్ట్, అండ్ ఎగ్జిక్యూట్ ఓన్లీ ఆఫ్టర్ యువర్ ఓకే, కరెక్ట్?" అను. రన్ అనే మాట నువ్వు వాడకు, షో, టెల్, ఎగ్జిక్యూట్ లాంటి, ఆ సందర్భంలో ఒక్క అర్థమే వచ్చే మాటలు వాడు. నేను రాసే మాన్యువల్స్‌లో కూడా ఇదే పాటిస్తాను, చదివేవాడు ఏ దేశంలో ఉన్నా తికమక పడకూడదని, రెండు మూడు అర్థాలొచ్చే మాటని కావాలనే తీసేస్తాను. ఆ రోజు నువ్వు ఇలా అడిగి ఉంటే మీ లీడ్ అక్కడే ఆపేవాడు. అయినా తప్పంతా నీదే అని నేను అనుకోవట్లేదు, ఎనిమిది నెలల క్రితం చేరిన కుర్రాడికి డేటా తీసేసే పని అప్పజెప్పేటప్పుడు ఆయన కూడా ఇంకాస్త విడమరిచి చెప్పాల్సింది.

కేఆర్ పురం తెలుగోడు:

అక్క చెప్పిన తిరిగి చెప్పే పద్ధతి నేను కూడా వాడతా, పదేళ్ళ సర్వీసు తర్వాత కూడా. ఎవరూ తక్కువగా చూడరు, పైగా జాగ్రత్తగల మనిషి అంటారు.

హెబ్బాళ కరీంనగర్:

తమ్మీ, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. విన్న వాక్యం మొత్తం రాయి, ఎవరన్నరు, ఏ సందర్భంల అన్నరు రెండు ముక్కలు రాయి, అర్థం తెలుగుల రాసుకో. రోజుకు మూడు చాలు. నా స్టూడెంట్లు ఇట్లనే చేస్తరు, సంవత్సరం తిరిగేసరికి లిస్టులు బట్టీ కొట్టినోళ్ళకంటె మంచిగ మాట్లాడుతరు.

మదనపల్లె టు మారతహళ్ళి:

సోమవారం రాత్రి నోట్‌బుక్ మొదలుపెట్టినా. ఈ రోజు పొద్దున లీడ్ దగ్గరికి పోయి ఆ రోజు నాకు ఎట్లా అర్థమైందో ఉన్నది ఉన్నట్టు చెప్పినా. ఆయన కొంచెంసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత తను పూనే నుంచి బెంగళూరొచ్చిన కొత్తలో తనకీ ఇట్లాంటిదే జరిగిందని చెప్పి, ఇకమీదట డేటా తీసే పని ఏదైనా చాట్‌లో రాతపూర్వకంగానే చెప్తానన్నాడు. పక్క టీం వాళ్ళకి కూడా వెళ్ళి సారీ చెప్పొచ్చినా, వాళ్ళ డెమో బాగానే జరిగిందంట. మనసు చాలా తేలికైంది.

నోట్‌బుక్‌లో మొదటి రోజు రాసినవి, తప్పులుంటే దిద్దండి:

ఐ రాన్ ద ప్లాన్ బై మై లీడ్. చేసే ముందు చెప్పి అభిప్రాయం తీసుకున్నా.

వీ రాన్ అవుట్ మిల్క్ ఇన్ ద పీజీ. పాలు అయిపోయినాయి.

ఐ రాన్ ఇంటూ మై సీనియర్ ఎట్ కేఆర్ పురం మెట్రో స్టేషన్. అనుకోకుండా కలిసినా.

తెనాలి అక్క:

మొదటిదీ మూడోదీ చక్కగా ఉన్నాయి. రెండో దాంట్లో ఆఫ్ వదిలేశావు, వీ రాన్ అవుట్ ఆఫ్ మిల్క్ అనాలి. ఆఫ్ లేకుండా కావాలంటే పాలనే ముందు పెట్టు, ద మిల్క్ రాన్ అవుట్. వాక్యంలో మనం ముందుంటే ఆఫ్ కావాలి, పాలే ముందుంటే అక్కర్లేదు. పక్కన చిన్నగా రాసుకో, రేపటి మూడు కూడా ఇక్కడే పెట్టు.